కాంతం చదివిన కాగితం

దెబ్బ తగిలింది కాంతం కూతురికి. అడ్డం వెళ్ళింది అనూరాధ. ఆ తర్వాత జరిగిందంతా ఈ రెండు ముక్కల్లోంచే పుట్టింది కాబట్టి అక్కణ్ణుంచే చెప్పాలి.

సోమవారం ఉదయం. మెరకవలస హైస్కూల్లో ప్రార్థన ఇంకా మొదలు కాలేదు. కొలతలవాళ్ళు జీపులో వచ్చి టేపు లాగారు. కబడ్డీ గీతల మధ్య గొయ్యి తవ్వి రాయి పాతారు. రాయికి ఎర్రరంగు పూశారు. పదో తరగతి చదువుతున్న హర్షిత వాళ్ళ దగ్గరకు వెళ్ళి, "సార్, ఇది మా ఆటస్థలం సార్" అంది. ఒక్కడూ తలెత్తలేదు. ఆ పిల్ల రాయిని రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ ఊపి, పీకి అవతల పారేసింది. కొలతలు వేయిస్తున్న మేస్త్రీ లేచి వచ్చి ఆమె చెంప ఛెళ్ళుమనిపించాడు. రెండు వందల మంది పిల్లలు చూస్తుండగా కొట్టాడు. హెడ్మాస్టరు చూసీ చూడనట్టు రిజిస్టర్లో తల దూర్చాడు.

గేటు బయట రోడ్డు మీద నుంచి కాంతం కూడా చూసింది. అప్పుడామె నెత్తి మీద నిండు చేపల తట్ట ఉంది. నిండు తట్ట దింపాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఇసకలపేట ఆడవాళ్ళకు అది చిన్నప్పట్నుంచి ఒంటికి పట్టిన అలవాటు. కాంతం కళ్ళు కూతురి మీదే ఉన్నాయి గానీ, మెడ మాత్రం చెయ్యి వేసే మనిషి కోసం పక్కకు తిరిగింది. ఎంతసేపు? రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లోనే హెడ్మాస్టరు గదిలోంచి అనూరాధ పరుగెత్తుకొచ్చి మేస్త్రీ చొక్కా పట్టుకుంది.

"ఆడపిల్ల మీద సెయ్యేస్తావేటి? ఏ బుగత ఇచ్చినాడు నీకా ధైర్నం? పిలు ఆడిని!"

అప్పటికి కాంతం తట్ట కింద పారేసింది. నెత్తళ్ళన్నీ ఇసకపాలయ్యాయి. పరుగెత్తుకొచ్చేసరికి మేస్త్రీ జీపెక్కి పోతున్నాడు. హర్షిత అనూరాధ కొంగులో మొహం పెట్టుకుని వెక్కుతోంది. మూగిన జనం ఒకటే మాట: "అనూరాధమ్మ నేకపోతే ఏటయ్యేదో!" కన్నతల్లి బారెడు దూరంలో నిలబడి ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. కాంతం గతి అంతకన్నా అన్యాయం. కొట్టినవాడి మీద రావలసిన కోపం కాస్తా అడ్డుపడ్డ మనిషి మీదికి మళ్ళింది. కూతుర్ని రెక్క పట్టి లాక్కుని, "నడు ఇంటికి, ఊరోళ్ళ కొంగులు తడిపింది సాలు" అంది.

ఆ మంట ఆ రోజు పుట్టింది కాదు.

సముద్రం ఒడ్డున ఇసకలపేట, వేట మీద బతికే ఊరు. పైన మెరక మీద మెరకవలస, రైతుల ఊరు. రెండింటి మధ్య నాలుగెకరాల ఇసక నేలలో, సరుగుడు చెట్ల నీడన హైస్కూలు. చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళ పిల్లలకు అదే పెద్ద బడి. పేటకూ వలసకూ మరి దేనిలోనూ పొత్తు లేదు. వలసవాళ్ళ ముక్కుకు పేటవాళ్ళు నీచు కంపు, పేటవాళ్ళ నోటికి వలసవాళ్ళు పిసినిగొట్లు. ఇద్దరి పిల్లలూ పక్కపక్కన కూర్చునేది ఆ బడి బెంచీ మీద ఒక్కచోటే.

ఆ బెంచీ మీదే పాతికేళ్ళ కిందట కాంతం, అనూరాధ కూర్చున్నారు. లెక్కల్లో కాంతం మొదటిది. మాస్టారు ఆమె పుస్తకమే క్లాసంతా తిప్పి చూపించేవాడు. ఎనిమిదో తరగతిలో దసరా సెలవులైపోయి బడి తెరిచిన రోజున తల్లి ఆమె నెత్తిన తట్ట పెట్టింది. అనూరాధ పది పాసైంది. 'నా పుస్తకంలో చూసి నేర్సుకున్నాది, నాకంటే పెద్ద సదువరైపోనాది' అని కాంతం ఇన్నేళ్ళూ లోపల్లోపల పళ్ళు నూరుతూనే ఉంది. రోజూ ఆ బడి గోడ పక్క నుంచే బేరానికి పోవాలి. రోజూ లోపలి నుంచి ఎక్కాలు వినపడాలి. తట్ట బరువు వేరు, ఈ బరువు వేరు.

అలాగని పేటలో ఆమెకు మర్యాద తక్కువేమీ లేదు. ఆమె ఈడు ఆడవాళ్ళలో చదవడం వచ్చింది ఆమె ఒక్కతికే. పడవ లైసెన్సు కాగితమైనా, ఆస్పత్రి చీటీ అయినా ముందు ఆమె కళ్ళ కింద పడాలి. "కాంతం సూసినాదా?" అని అడిగి, చూసిందంటే అప్పుడు వేలిముద్ర వేసేవారు. పేటలో అది రాయని చట్టం. ఆ చట్టమే ఆమె గర్వం.

ఆ గర్వం మీద కూడా దెబ్బ పడింది. కిందటేడు బడికి తల్లిదండ్రుల కమిటీ ఎన్నుకున్నారు. క్లాసుకు ముగ్గురు చొప్పున పదిహేను మంది సభ్యులు. చైర్‌పర్సన్ ఎవరని చేతులెత్తమంటే అనూరాధకు ఎనిమిది, కాంతానికి ఏడు. ఆ ఎనిమిదో చెయ్యి ఎవరిదనుకున్నారు? పేటలో కాంతం పక్క గుమ్మం ముసలమ్మ దానమ్మది. మనవరాలి తరఫున కమిటీలో ఉందామె. "ఏటి దానమ్మప్పా, ఇలగ సేసినావు?" అని అడిగితే, "ఆ యమ్మి టెన్తు పాసంట కదే" అంది, ఆకు వక్క నములుతూ.

అనూరాధకు ఉన్నదేమిటి? రెండెకరాల జీడిమామిడి, ఒక గేదె, నోరున్న మామ గణపతిరావు. కాంతం ఇంటికీ ఆ ఇంటికీ తేడా ఒక పెంకు వరస. కుళ్ళుకు ఆ లెక్కలు పట్టవు. అది ఎప్పుడూ పక్క వాకిట్లోకే తొంగి చూస్తుంది, తలెత్తి మేడ మీదికి చూడదు. మేడలున్నవాళ్ళు నిశ్చింతగా బతికేది అందువల్లే.

మేడ మీద ఉన్నవాడు కాంట్రాక్టరు రంగనాథం. రోడ్లు వేశాడు, వేసిన రోడ్లు మళ్ళీ వేశాడు, రొయ్యల చెరువులు తవ్వించాడు. భోగాపురంలో విమానాశ్రయమన్న మాట పుట్టిన దగ్గర్నుంచి సముద్రం కనిపించే నేల ఎక్కడున్నా ఆయన కళ్ళు అక్కడే. హైస్కూలు నాలుగెకరాల్లో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. అక్కడ ఇంటర్నేషనల్ స్కూలు కట్టాలి, పట్నం పిల్లలు ఏసీ బస్సుల్లో దిగాలి. మరి ఇక్కడి పిల్లలు? వాళ్ళను హైవే అవతల పన్నెండు కిలోమీటర్ల దూరంలోని బడిలో కలిపేస్తారట. పిల్లలు తగ్గిపోయారని పై ఆఫీసు కారణం రాసింది. ఎందుకు తగ్గారో రాయలేదు. రెండేళ్ళుగా లెక్కల మాస్టరు లేడు, ఏడాదిగా సైన్సు మాస్టరు లేడు. కాళ్ళు విరగ్గొట్టి, నడవలేకపోతున్నావు గనక నీకు చెప్పులెందుకని లాక్కోవడం ఇది.

దానికొక్కటే అడ్డం. కమిటీలో సగం మందికి పైగా సమ్మతించాలి. అనూరాధ మొహాన్నే చెప్పేసింది: "నా సేతిలో పెన్ను విరిగిపోవాలి గానీ సంతకం ఎట్టను."

గురువారం మధ్యాహ్నం రంగనాథం మనిషి ఉపేంద్ర పేటకు వచ్చాడు. ఇసకలో చేపలు ఎండబెడుతున్న కాంతం పక్కన గొంతుక్కూర్చున్నాడు. చేతిలో ఒక పేపరు, ఒక ఫైలు.

"అప్పా, ఆ మేస్త్రీగాడిని పనిలోంచి తీసీసినాం. నీ కూతురు నా మేనకోడలితో సమానం. అది సరే గానీ ఇది సూసినావా?"

పేపర్లో ఫొటో. అనూరాధ చెయ్యి హర్షిత భుజం మీద. కింద అక్షరాలు: 'దౌర్జన్యాన్ని ప్రతిఘటించిన విద్యార్థిని తల్లి అనూరాధ.'

కాంతం రెండుసార్లు చదివింది. విద్యార్థిని తల్లి అనూరాధ.

"పొరపాటేలే అప్పా" అన్నాడు ఉపేంద్ర మెత్తగా. "పేపరోళ్ళకి ఏటి తెలుస్తాది? ఆవిడే అలగ సెప్పుకున్నాదేమో మరి. పదవి ఉన్నాది కదా, ఫొటోలు ఆవిడవే ఎక్కుతాయి. నీకున్న తెలివికి నువ్వు కదా ఉండాల కుర్చీలో. ఎనమండుగురు సంతకాలెడితే ఆవిడని దించీయొచ్చు. కాగితం రాసి తెచ్చినాను. సదువుకో, బలవంతం నేదు."

కాంతం చేతులు చీరకు తుడుచుకుని కాగితం అందుకుంది. 'మెరకవలస ఉన్నత పాఠశాల కమిటీ చైర్‌పర్సన్ శ్రీమతి అనూరాధ ఏకపక్ష ధోరణిపై మేము తీవ్ర అసంతృప్తి తెలియజేయుచున్నాము' అని మొదలైంది. ఆ పేరు పక్కన 'ఏకపక్ష ధోరణి' అన్న మాట ఎంత తియ్యగా ఉందో! కింద ఇంకో నాలుగు వరసలు అవే తిట్లు, సర్కారు భాషలో. ఆ తర్వాత వెనక పేజీ ఉంది. కాంతం కాగితం తిప్పలేదు. ఆ నాలుగక్షరాల పేరు కళ్ళనిండా నిండిపోయాక వెనక ఏముంటే ఏం? ముందు పేజీ అడుగునే సంతకం పెట్టింది, పూర్తి పేరుతో, గుండ్రంగా, ఎనిమిదో తరగతిలో మాస్టారు మెచ్చుకున్న అక్షరాలతో.

ఆ తర్వాత ఉపేంద్రకు శ్రమే లేకపోయింది. పేటలో ఉన్న మిగతా ఏడుగురు సభ్యులూ అడిగింది ఒక్కటే. "కాంతం సూసినాదా?" సూసినాదన్నాడు. దానమ్మ వేలిముద్ర అందరికంటే ముందు పడింది.

పది రోజులు తిరక్కముందే, శుక్రవారం నాడు, గేటుకు నోటీసు అంటించారు. 'తల్లిదండ్రుల కమిటీలో మెజారిటీ సభ్యుల సమ్మతి మేరకు' బడిని విలీనం చేస్తున్నామని, వారం లోపు సామాన్లు తరలిస్తామని.

ఆదివారం ఉదయం బడి ఆవరణలో రెండు ఊళ్ళూ పోగయ్యాయి. పేటవాళ్ళు పడమటి పక్క, వలసవాళ్ళు తూర్పు పక్క. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోంచే అరుపులు అటూ ఇటూ పోతున్నాయి.

"సంతకాలెవులెట్టినారు? ముందది తేలాల!"

"ఇంకెవులు? సైర్‌పర్సనే అమ్మీసినాది. వలసోళ్ళకి మోటరు సైకిళ్ళున్నాయి, పన్నెండు కిలోమీటర్లు తిప్పుకుంతారు పిల్లల్ని. మా గుంటలేటి పడవల మీద ఎల్తారా?"

అన్నది కాంతం మొగుడు చినబాబు. మనిషి మంచివాడే, నోరు తొందర.

గణపతిరావు కర్ర ఎత్తాడు. "నా కోడల్ని అంటే నాలిక సీరేస్తాను! మీ పేటోళ్ళే అమ్ముడుపోయుంటారు, సీసా ఇస్తే సాలు మీకు!"

అనూరాధ మధ్యలో నిలబడి గొంతు పగిలేలా చెబుతోంది, తాను పెట్టలేదని. ఎవరు వింటారు? పేట ఆడవాళ్ళు ఇసక ఎత్తి పోస్తున్నారు. ఆమె జుట్టు ఊడిపోయింది, పమిట జారింది. ఇన్నేళ్ళుగా కాంతం కలగన్నది ఇదే. చెప్పకేం, బాగుంది. వేసవిలో తాటిముంజె నోట్లో పెట్టుకున్నట్టు చల్లగా ఉంది. పడనీ, ఇంకో రెండు పడనీ అనుకుంది.

అప్పుడు హర్షిత ఎదురుగా వచ్చి నిలబడింది. ముందురోజు మండలాఫీసుకు వెళ్ళి అడిగి, సమ్మతి పత్రం నకలు ఫోనులో ఫొటో తీసుకొచ్చింది ఆ పిల్ల. తల్లి మొహం ముందు ఫోను పెట్టింది. ఎవరికీ చూపించలేదు, తల్లికి మాత్రమే.

"వెనక పేజీ సదువమ్మా" అంది మెల్లగా.

కాంతం చదివింది. 'కావున పాఠశాల విలీనమునకు, స్థలము అప్పగింతకు మాకెట్టి అభ్యంతరము లేదు.' ముందు పేజీ అడుగున మొదటి సంతకం తనది. గుండ్రటి అక్షరాలు. దాని కింద ఏడు వేలిముద్రలు, ఆమె కళ్ళను నమ్మినవి.

"రేపట్నుంచి నాను మానెయ్యాలి కదమ్మా? నీలాగే?" అంది హర్షిత. కోపంగా కూడా అనలేదు.

ఊరుకుంటే అయిపోయేది. అనూరాధ పేరు మీదే మచ్చ ఉండిపోయేది. పేటలో కాంతం మాట చట్టంగానే సాగేది. ఒక్క మాట బయట పెడితే ఇక ఏ ముసలమ్మా ఆమె చేతికి కాగితం ఇవ్వదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా నడిచి ఆ ఖాళీలోకి వెళ్ళి నిలబడింది.

"ఇసక ఎత్తిపోస్తే నా మీద పొయ్యండి. సంతకం నాను ఎట్టినాను."

పేట ఆడవాళ్ళు గుప్పెళ్ళు విప్పి ఇసక కింద పోసేశారు.

"ఎనమండుగురం ఎట్టినాం. మిగతా ఏడుగురిదీ తప్పు నేదు, ఆలు నన్ను నమ్మినారు. నాను సదివినాను. సదవడం రాక కాదు. దీని పేరు కనబడినాది, దీన్ని తిట్టినారు, అక్కడే కళ్ళు ఆగిపోనాయి. కాగితం తిప్పలేదు. దీని మీద కుళ్ళుతో నా కూతురి బడి అమ్మీసినాను."

దానమ్మ లేచి వచ్చింది. కాంతం చెంప మీద కొట్టింది. కొట్టి, తన బొటనవేలు చూసుకుంటూ అక్కడే కూలబడి ఏడ్చింది. "నీ కళ్ళు నా కళ్ళనుకున్నానే! మనవరాలికేటి సెప్పనే!"

అనూరాధ ఓదార్చలేదు. జుట్టు ముడేసుకుంటూ దగ్గరకొచ్చింది. "నీకొక్కదానికే ఉన్నాదేటి కుళ్ళు? ఎనిమిదిలో నువ్వు మానీసిన నాడు నేనేటి సేసినానో తెలుసా? ఇంటికెల్లి మా అమ్మకి సెప్పి సంబరపడినాను. ఇంక నేనే ఫస్టు అని. నీ కోసం ఒక్క మాట అడగలేదు, కాంతమెందుకు రాలేదని. అడగాల్సింది. క్లాసంతా అడగాల్సింది." పమిట సర్దుకుని, "నిన్ను ఇప్పుడు సెమించలేను. తరవాత సూద్దాం. ముందు బడి" అంది.

"రంగనాథానికి మన మీద కుళ్ళు ఉంతాదా?" అని అడిగింది కాంతం ఉన్నట్టుండి.

"మనకాడ ఏటున్నాదని?"

"మరి మనకి ఆడి మీద ఎందుకు నేదే? ఆడి మనవలికి ఏసీ బస్సు. మన గుంటలికి రేకుల కొట్టు, అదీ ఊడబెరుకుతన్నారు. ఆడిని సూసి కదా కడుపు మండాల! నీ టెన్తు సర్టిఫికెట్టు సూసి మండినాదేటి నాకు?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు రెండు పక్కలకూ పాకింది. మధ్యనున్న ఖాళీ ఎప్పుడు నిండిందో ఎవరూ గమనించలేదు.

అక్కడికక్కడ సమ్మతి వెనక్కి తీసుకుంటూ కొత్త కాగితం రాశారు. చదవమని ఎవరూ కాంతానికి ఇవ్వలేదు. హర్షిత చదివింది, ముందూ వెనకా. కాంతం అందరితో పాటు వరసలో నిలబడి సంతకం పెట్టింది. సోమవారం నలభై మంది ఆ కాగితం పట్టుకుని మండలాఫీసుకు వెళ్ళారు. ఒకసారి ఇచ్చిన సమ్మతి ఇచ్చినట్టేనని అధికారి అన్నాడు. అనూరాధ టేబులు మీద చరిచి అడిగింది: "ఇచ్చినప్పుడు పదిరోజుల్లో పని జరిగినాది. వెనక్కి తీసుకుంతే పనెందుకు జరగదు?" అధికారి ఫైలు మూసి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి లారీ వచ్చింది.

కాంతం అప్పుడు కూడా గేటు బయటే ఉంది, నెత్తిన నిండు తట్టతో. కూలీలు బెంచీలు మోసుకొచ్చి లారీలో పడేస్తున్నారు. నల్లబల్లలు, సైన్సు గది అస్థిపంజరం, పిల్లల ప్లేట్లు. తన కాలం నాటి పొడుగు బెంచీ ఒకటి కనిపించింది. కాంతం తట్ట అంచు పట్టుకుంది, పారేద్దామని. పక్క నుంచి రెండు చేతులు వచ్చి తట్టకు ఆనాయి. అనూరాధవి.

"దించు. నెత్తళ్ళేటి పాపం సేసినాయి" అంది.

తట్ట దిగింది. కాంతం పేట వైపు తిరిగి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కేక వేసింది. వేట నుంచి పడవ వచ్చినప్పుడు వేసే కేక అది. ఒడ్డున వినని చెవి ఉండదు.

"పెద్దవల తాళ్ళు తెండిరోయ్! రెండూ తెండి!"

పెద్దవల అంటే ఒడ్డున నిలబడి ఊరంతా లాగే వల. దానికి రెండు తాళ్ళు, రెండు జట్లు. చినబాబు, పేట మగవాళ్ళు తాళ్ళు భుజాన వేసుకుని లగెత్తుకొచ్చారు. బరువెక్కిన లారీ అప్పుడే కదులుతోంది. చక్రాలు ఇసకలో కూరుకుని గిరగిరా తిరుగుతున్నాయి. చినబాబు వెనక కొక్కేలకు రెండు తాళ్ళూ ముడేశాడు. ఒక తాడు పేట పట్టింది. రెండోది ఇసకలో పడి ఉంది.

గణపతిరావు దాన్ని చూశాడు. "మేం సచ్చినామేటి?" అని పంచె బిగించాడు. వలస రైతులు తాడు పట్టుకున్నారు, బావి చేద పట్టుకున్నట్టు.

"అలగ కాదు మావా!" అని అరిచాడు చినబాబు. ఆదివారం నాలుక చీరేస్తానన్న మనిషిని మావా అన్నాడు. "సేతుల్తో లాగితే తోలు లేసిపోద్ది. నడుంకి ఆనించి ఎనక్కి వాలండి. రెండు తాళ్ళూ ఒక్కలాగే రావాల, ఒకటి ముందైతే వల తిరగబడిపోద్ది. ఎనకనున్నోడు తాడొదిలీసి ముందుకెల్లి పట్టుకోవాల. ముందున్నోడు ఎనక్కొస్తాడు. ఎవుడూ ముందే ఉండిపోకూడదు!"

"హైలెస్సా!" అన్నారు పేటవాళ్ళు. "హైలెస్సా!" అన్నారు వలసవాళ్ళు, గొంతు కలవక. మూడోసారికి కలిసింది.

లారీ మొరిగింది. ఇసక చిమ్మింది. డ్రైవరు అద్దంలో చూశాడు. రెండు తాళ్ళ వెంట మూడు వందల మంది వెనక్కి వాలి ఉన్నారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, యూనిఫాం పిల్లలు. కాంతం వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కి తిరుగుతోంది. ఒక్కొక్కసారి అనూరాధ ఆమె ముందుంది, ఒక్కొక్కసారి వెనక. లారీ వేలెడు వెనక్కి జరిగింది. తర్వాత జానెడు. డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగిపోయాడు.

"నాకెందుకమ్మా మీ ఉసురు? నా పిల్లలూ సర్కారు బడే" అన్నాడు, బీడీ ముట్టించుకుంటూ.

లారీని గేటు లోపలి దాకా లాగారు. పదిన్నరకల్లా బెంచీలన్నీ గదుల్లో ఉన్నాయి. పొడుగు బెంచీని ఒక కొస కాంతం, ఒక కొస దానమ్మ మోశారు.

పోలీసులు రెండు వ్యాన్లలో వచ్చారు. వెనక కార్లో ఉపేంద్ర. ప్రభుత్వ ఆస్తి తరలింపుకు ఆటంకం కలిగించినందుకు కేసని ఎస్సై ప్రకటించాడు. ప్రభుత్వ ఆస్తిని ప్రభుత్వ బడిలో పెట్టినందుకన్నమాట. కానిస్టేబులు వరండాలో కూర్చుని పేర్లు రాయడం మొదలెట్టాడు.

"ఎ వన్, అనూరాధ."

"ఆగండి బాబూ!" కాంతం జనంలోంచి తోసుకొచ్చింది. "ఆవిడ పేరు ముందెందుకు?"

"చైర్‌పర్సన్ కదమ్మా."

"ఐతే? తాళ్ళు తెమ్మని కేకేసింది నాను. తప్పుడు సంతకం ఎట్టి ఇంతా సేసింది నాను. పేపర్లో ఆవిడే, కుర్చీలో ఆవిడే, కేసులో కూడా ఆవిడే ముందా? కొట్టీయండి. నా పేరు ముందు రాయండి!"

అనూరాధ నడుము మీద చెయ్యి వేసుకుంది. "ఒలే, జైలు కాడ కూడా మానవేటే నీ కుళ్ళు?"

"మాన్ను. సచ్చినా మాన్ను."

కానిస్టేబులు ఎస్సై వంక చూసి, కొట్టేసి రాశాడు. ఒకటి కాంతం, రెండు అనూరాధ, మూడు చినబాబు. అప్పుడు గణపతిరావు కర్ర నేలకేసి కొట్టాడు.

"పేటోళ్ళే ఇద్దరైపోనారు! మా వలసోళ్ళు గడ్డి పీకినారా అక్కడ? రాయి, గణపతిరావు!"

"నా ఏలిముద్ర తీసుకో బాబూ" అని దానమ్మ బొటనవేలు చాచింది. "దాని తరవాత ఉండాల నాది. ఆ పాపిష్టి కాగితంలో దాని కిందే ఏసినాను."

ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఎస్సై తరం కాలేదు. పేటవాళ్ళ పేరొకటి పడితే వలసవాళ్ళు రెండు చెప్పారు. రెండు పడితే నాలుగు. తమ పేరు కిందికి పోయిందని ఇద్దరు తోడికోడళ్ళు కానిస్టేబుల్తో తగువు పెట్టుకున్నారు. కాగితం నిండిపోయింది. ఇంకో కాగితం కావాలన్నాడు కానిస్టేబులు. లేదు, వెనక రాయి అన్నాడు ఎస్సై. చివరికి గదిలోంచి హెడ్మాస్టరు వచ్చాడు. అద్దాలు తుడుచుకుని, "నాది కూడా రాసుకోండి" అన్నాడు. రెండు వారాల్లో ఆయన తలెత్తి మాట్లాడడం అదే మొదలు.

"సరే, అందరూ సంతకాలు పెట్టండి" అని కానిస్టేబులు కాగితం ముందుకు తోశాడు.

కాంతం ముందుకు రాబోయి ఆగింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు దానమ్మ ఆ కాగితం తీసి, జనం వైపు ఒకసారి చూసి, కాంతం చేతికిచ్చింది.

"సదువు" అంది. "ఈపాలి కిందా మీదా సదువు."

కాంతం కాగితం పట్టుకుని మెట్టెక్కింది. ఆ వరండా మెట్టు మీద నిలబడి మాస్టారు హాజరు పిలవడం ఆమెకు గుర్తుంది. పిలుపుకు తాను జవాబివ్వని మొదటి రోజు కూడా గుర్తుంది. ఆ రోజు తానెక్కడుందో ఎవరూ అడగలేదు.

"ఒకటి. కాంతం. ఉన్నాను." తనకు తానే జవాబు చెప్పుకుంది.

"రెండు. అనూరాధ."

"ఉన్నానే."

"చినబాబు."

"ఉన్నాను."

"గణపతిరావు."

"ఉండకెక్కడికి పోతాను?"

ఒక్కొక్క పేరే పిలుస్తోంది, ఒక్కొక్క గొంతూ పలుకుతోంది. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను. కేసులో పేర్లు రాయని యూనిఫాం పిల్లలు కూడా గోడ మీదెక్కి ప్రతి పేరుకూ గొంతు కలుపుతున్నారు. అందరికంటే గట్టిగా హర్షిత అరుస్తోంది. ఉపేంద్ర కారు తిప్పుకుని ఎటో పోయాడు. ఎస్సై వ్యాను తలుపు తీసి పట్టుకుని, చాలమ్మా ఎక్కండెక్కండి అంటున్నాడు.

కాంతం తొందరపడలేదు. ముందు పేజీ చివరి పేరు దాకా చదివి, కాగితం తిప్పింది. వెనకవైపు కూడా నిండా పేర్లున్నాయి.